ఇసుక కౌలు

ఎగ్మూరు రికార్డాఫీసులో నా పని
చిరిగినవాటికి అతుకు వేయడం.
జపాను కాగితం, మైదా జిగురు, మెత్తటి కుంచె.
ఇరవై రెండేళ్లుగా చదవకుండా అతికిస్తున్నాను.
చదివితే చెయ్యి వణుకుతుంది.

చూళైలో మా మేడమీద
కింది వాటా పిల్ల చార్వి
గుడ్డ ఊడిపోయిన గొడుగు ఊచలకు రాగితీగ చుట్టి
ఆకాశానికి ఎత్తింది.
"వాళ్లకి వినిపిస్తే వస్తారా అత్తా?
వస్తే మనల్ని ఏమైనా చేస్తారా?"
బడిలో వక్తృత్వం పోటీ అట.
అనుకూలమో ప్రతికూలమో
రేపటికల్లా తేల్చాలట.

నాకు తెలిసిన ఆకాశం తక్కువ.
ఈ ఊరి ఇసుక కొంచెం తెలుసు.

ఈ తీరానే ఒక తెలుగు నాయకుడు
ఓడ దిగినవాళ్లకు కౌలు రాసిచ్చాడు.
మూడు మైళ్ల ఇసుక, ఉప్పుగాలి,
నాలుగు పల్లెకారుల గుడిసెలు
(అందులో ఒకటి మాదేనని మా నాన్న బడాయి).
వరి పండని నేల, ఇస్తే పోయేదేముంది?
గుర్రాలొస్తాయి, సుంకంలో సగం వస్తుంది,
పొరుగువాడికంటే ముందు మనకు అండ దొరుకుతుంది.
పైగా ఊరికి తండ్రి పేరు పెట్టుకోవచ్చు.
పెట్టుకున్నాడు. పేరు నిలిచింది.
మిగతాది నేను రోజూ అతికిస్తున్నాను.

దిగినవాళ్లు రాక్షసులేం కాదు చార్వీ,
వాళ్లకీ జ్వరాలొచ్చాయి, ఇల్లు గుర్తొచ్చింది.
కౌలు రాసిన చేతికి లెక్కలు రాక కాదు.
అవతలివాడి లెక్క ఎన్ని అంకెలదో తెలియలేదు,
అంతే.

"అయితే ప్రతికూలం" అని రాసుకోబోయింది.
ఆగమన్నాను.

మా ఆఫీసు వెనక ఒక ఇనప బీరువా ఉంది.
పురుగు పట్టిన కట్టలు అందులో పేర్చి,
అడుగున మందు పెట్టి, బల్బు వేసి, తలుపు బిగిస్తాను.
వెండిపొట్టు లాంటి పురుగులు,
ఒకే దస్తావేజులో తరతరాల కాపురం.
వాటిమీద నాకు పగలేదు.
వాటికీ పెళ్లిళ్లూ పేరంటాలూ ఉన్నాయేమో, అడగలేదు.
తలుపు బిగించి టీకి వెళతాను.
అల్లం ఎక్కువైందని గొణుగుతాను.

నా భయం ఆ టీ, చార్వీ.
కోపంతో వచ్చేవాడి కాళ్లు పట్టుకోవచ్చు.
మనం కంటికే ఆనని వాడి కాళ్లు
ఎక్కడున్నాయని పట్టుకుంటాం?

ఆ పిల్ల ఊరుకుంటుందా,
"ఒక్కదాన్నైనా వదల్లేదా నువ్వు?"

వదిలాను. ఒకసారి.
ఒక పన్నుల చిట్టా అంచున అది కొరికిన తీరు
లేసు అల్లినట్టుంది.
పని మానేసి చూస్తూ కూర్చున్నాను.
తర్వాత కాగితంతో ఎత్తి కిటికీలోంచి దులిపాను.
కింద బస్సులు. బతికిందో లేదో.
ఎందుకు వదిలావంటే చెప్పలేను.
ఆ "చెప్పలేను" మీద
ఒక ప్రపంచాన్ని పందెం కాయమంటావా?

"ఇప్పుడు దాక్కుందామన్నా కుదరదు" అంది గొడుగు తిప్పుతూ.
మనం ఎప్పుడో అరిచేశామట.
రేడియో మాటలు చాలావరకు ఆకాశం కప్పుకి కొట్టుకుని వెనక్కొస్తాయట.
కొన్ని మాత్రం చిల్లుల్లోంచి జారిపోతాయట.
జారినవి ఇక ఆగవట.

అయితే కాశిమేడులో వలలు బాగుచేస్తూ
మా నాన్న చెవి ఒగ్గి విన్నదీ అక్కడికే పోతూంటుంది.
ఏ చుక్క దగ్గరో ఎవరి చెవికో, చెవంటూ ఉంటే,
గరగరల నడుమ మన భాషలో ముందుగా సోకేది
నాయకుడి కౌలు కాదు, నీ ఉపన్యాసమూ కాదు:
"తీరం వెంబడి బలమైన గాలులు వీస్తాయి.
జాలరులు వేటకు వెళ్లరాదు."

విని కూడా వెళ్లిన పడవలు నాకు గుర్తున్నాయి.

చార్వి పెన్సిలు కొరికింది.
అనుకూలం అని రాసింది, కొట్టేసింది.
"అది వాళ్లకి చెప్పినట్టా, మనకా?" అంది.
సెంట్రల్ వైపు రైలు కూసింది.
చినుకులు మొదలయ్యాయి.
గుడ్డలేని గొడుగు పట్టుకుని
ఇద్దరం కాసేపు అలాగే నిలబడ్డాం.